సముద్రం నుంచి వచ్చిన వెండిని కడగకండి

తుపాను వెళ్ళిన మర్నాడు ఇసుక మీద గానీ, వల దులిపినప్పుడు గానీ, రొయ్యల బుట్ట అడుగున గానీ రూపాయంత నల్లటి బిళ్ళ కనిపిస్తే దాన్ని తోమకండి. చింతపండు పెట్టకండి. నిమ్మచెక్కతో రుద్దకండి. వెండి కొట్టుకు తీసుకెళ్ళి యాసిడ్‌లో ముంచమని అడగకండి. తడిగా దొరికితే తడిగానే ఉంచండి. ఈ మాట నిజాంపట్నం, అడవులదీవి, సూర్యలంక, ఓడరేవుల్లో వేటకు వెళ్ళేవారు ముందుగా వినాలి. బాపట్ల, రేపల్లె, తెనాలి వెండి వ్యాపారులు వాళ్ళతో పాటే వినాలి. మా నందివెలుగు లాంటి లోపలి ఊళ్ళవాళ్ళకు సముద్రపు సంగతి ఎందుకని అనుకోవద్దు. ఒడ్డున దొరికిన వెండి ఒడ్డున ఆగదు. చుట్టాల చేతుల మీదుగా, కుదువ మీద, పెళ్ళి కానుకగా, తెలిసిన కంసాలి దగ్గరికంటూ తెనాలి దారి పడుతుంది. దాన్ని పాడుచేసే చేయి సాధారణంగా మనలాంటి లోపలి ఊళ్ళవాళ్ళదే.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే కారణాలు రెండున్నాయి. తుపాను వచ్చిందంటే తీరం ఇసుక కదిలిపోతుంది. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత కాకినాడ దగ్గర ఉప్పాడ ఒడ్డున జనం గుంపులుగా చేరి బంగారు రవ్వల కోసం ఇసుక జల్లించడం అందరూ చూశారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి ప్రతి గాలివాన తర్వాతా ఒడ్డు కొత్తగా తయారవుతుంది, పాతవి పైకి వస్తాయి. రెండోది వెండి ధర. కిలో లక్ష రూపాయలు దాటాక, పాత రూపాయిని చరిత్రగా చూసే కళ్ళు తగ్గి, గ్రాముల్లో చూసే కళ్ళు పెరిగాయి. 1835 నుంచి వచ్చిన కంపెనీ రూపాయి నిండు తులం, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. లక్ష లెక్కన కట్టినా కరిగిస్తే వచ్చేది వెయ్యి రూపాయల పైచిలుకు. ఆ వెయ్యి కోసం నూట తొంభై ఏళ్ళ సాక్ష్యం మూసలోకి వెళుతుంది.

ముందే ఒకటి స్పష్టం చేయాలి. మన తీరంలో ఫలానా చోట వెండి ఓడ మునిగి ఉందని నేను చెప్పడం లేదు. ఎవరైనా మీకు అలా చెప్పి, పటం చూపించి, వాటాకు డబ్బు అడిగితే వాళ్ళు మోసగాళ్ళే. నేను చెప్పేది అనుకోకుండా దొరికే వాటి సంగతి. అలా దొరకడానికి మన తీరానికి కావలసినంత చరిత్ర ఉంది.

ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి కాకతీయుల నాటి రేవు. 1244 ప్రాంతంలో గణపతిదేవ చక్రవర్తి అక్కడ వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకులకు ఇచ్చిన హామీ. గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల సొత్తును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాము నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ అందులో చెప్పించాడు. పగిలిన ఓడ సొత్తు దొరికినవాడిదే అనే వాదాన్ని ఒక తెలుగు రాజు దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఈ ఒడ్డునే తోసిపుచ్చాడు. నిజాంపట్నాన్ని యూరపువాళ్ళు పెటపోలి అని రాసుకున్నారు. డచ్చివాళ్ళు 1606లోనే అక్కడ గిడ్డంగి పెట్టారు. ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ అనే ఓడ 1611లో ముందు అక్కడ ఆగి తర్వాత మచిలీపట్నం వెళ్ళింది. వాళ్ళ దగ్గర మనం కోరుకునే సరుకు పెద్దగా లేదు. మన అద్దకపు బట్టలకూ నీలిమందుకూ వెండి పోయవలసి వచ్చింది. అమెరికా ఖండపు గనుల్లో పుట్టిన వెండి స్పెయిన్ నాణెంగా మారి, యూరపు చుట్టి, మన మగ్గాల దగ్గరికి ఓడల్లో వచ్చింది. వచ్చిన ఓడలన్నీ రేవు చేరలేదు. ఈ తీరాన్ని తుపాన్లు ఏం చేశాయో చెప్పడానికి 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నంలో సుమారు ముప్పై వేల మందిని మింగిన ఉప్పెన ఒక్కటి చాలు.

దూరాన మునిగినా మనకు చెందిన ఓడలు కూడా ఉన్నాయి. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కంపెనీ ఓడ ఇంగ్లండు దగ్గర గుడ్విన్ ఇసుక తిన్నెల మీద పగిలిపోయింది. అందులో మద్రాసు రాజధానిలో చలామణీకి బర్మింగ్‌హామ్‌లో అచ్చువేసిన రాగి కాసులు టన్నుల కొద్దీ ఉన్నాయి. 1808 తేదీ వేసిన పది కాసుల, ఇరవై కాసుల బిళ్ళలు. అప్పటికే గుంటూరు సీమ ఆ రాజధానిలో భాగం. ఓడ క్షేమంగా చేరి ఉంటే వాటిలో కొన్ని తెనాలి సంతలో చేతులు మారి ఉండేవి. 1980ల్లో గజ ఈతగాళ్ళు లక్షల బిళ్ళలు పైకి తీశారు. అవి ప్రపంచమంతా సేకరణదారుల చేతుల్లోకి వెళ్ళిపోయాయి.

వెండి కథ ఇంకా బాధగా ముగిసింది. 1942 అక్టోబరు 1న సిటీ ఆఫ్ కైరో అనే ఓడ బొంబాయి నుంచి బయలుదేరింది. దాని అడుగున సుమారు వంద టన్నుల వెండి రూపాయలు, మన దేశపు రూపాయలు, ఉన్నాయి. నవంబరు 6న దక్షిణ అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. ఐదు కిలోమీటర్లకు పైగా లోతున పడి ఉన్న ఆ ఓడను 2011లో కనిపెట్టి, టన్నుల కొద్దీ నాణేలు పైకి లాగి, ఆ సంగతి 2015లో బయటపెట్టారు. అంత లోతు నుంచి అంత కష్టపడి తెచ్చిన రూపాయల్లో చాలా భాగాన్ని కరిగించి అమ్మారు. ఎవరి పంటకు, ఎవరి జీతానికి, ఎవరి పన్నుకు చేతులు మారిన నాణేలో, ఏ టంకసాల అచ్చులో చూసే అవకాశం పోయింది. యజమాని ప్రభుత్వమే కనుక చట్టం అడ్డు చెప్పలేదు. నా దృష్టిలో అది తప్పే.

అక్కడ కొలిమి చేసిన పనిని ఇక్కడ మన వంటింటి చింతపండు నిదానంగా చేస్తుంది. ఎలా చేస్తుందో తెలియాలంటే సముద్రం వెండిని ఏం చేస్తుందో తెలియాలి.

వెండి చెడదని మనకొక నమ్మకం. ఇంట్లో గిన్నె నల్లబడితే తోమగానే మెరుస్తుంది కదా అనుకుంటాం. ఆ నలుపు వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. సముద్రంలో వందేళ్ళు, రెండు వందల ఏళ్ళు పడి ఉన్న నాణెం సంగతి వేరు. నిజాంపట్నం అఖాతంలో మడ అడవుల కింద ఉన్న గాలాడని నల్లటి బురదను తలుచుకోండి. తవ్వితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఆ బురదలోని సూక్ష్మజీవులు పుట్టించే గంధకపు వాయువుతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. పై పొర మాత్రమే కాదు, లోపలికి లోపలికి అలా మారుతూ పోతుంది. సూర్యలంక లాంటి గాలాడే ఇసుకలోనైతే ఉప్పులోని క్లోరైడ్‌తో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. అది మైనంలా మెత్తగా, బూడిదరంగులో ఉంటుంది. గోరు గట్టిగా ఆనినా గీత పడుతుంది. ఎండ తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది. పాతకాలపు ఫొటో కాగితాలు చేసింది ఈ గుణంతోనే.

నాణెంలో రాగి పాలు కూడా ఉంటుంది కదా. రాగి ముందు పోతుంది. రాగి పోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. చూడటానికి గట్టి బిళ్ళలా కనబడుతుంది గానీ లోపల గుల్లబారి ఉంటుంది. గచ్చు మీద జారిపడితే రెండు ముక్కలవుతుంది. ఆ రంధ్రాల నిండా ఉప్పు నీరు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఉప్పు కరిగి ఉంటుంది. బయట ఆరబెట్టగానే పలుకులు కడుతుంది. సముద్రపు ఊళ్ళలో గోడకు ఉప్పు పొంగి సున్నం పెచ్చులు రాలినట్టే నాణెం ముఖం పెచ్చులుగా రాలిపోతుంది. తడిగా దొరికినదాన్ని తడిగానే ఉంచమనేది ఇందుకే.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. రాజు ముఖం, సంవత్సరం, టంకసాల గుర్తు ఇప్పుడు వెండి మీద లేకపోవచ్చు. వెండే నల్లటి పొరగా మారినప్పుడు అచ్చు కూడా ఆ పొరలోకే మారింది. నలుపు తీస్తే కింద అసలు నాణెం మెరుస్తూ బయటికొస్తుందని అనుకుంటాం. బయటికి వచ్చేది అక్షరం లేని గరుకు వెండి ముక్క. అక్షరాలు మీరు తోమి పారబోసిన నీళ్ళలో కలిసిపోతాయి. తిరిగి రావు. ఏ ప్రయోగశాల వాటిని తిరిగి తేలేదు.

ఎంత చిన్న గుర్తులు పోతాయో ఒక ఉదాహరణ. విక్టోరియా రాణి రూపాయల్లో 1862 అని వేసినవి మన పెట్టెల్లో అక్కడక్కడా ఉంటాయి. అన్నీ 1862లో అచ్చు వేసినవి కావు. 1874 దాకా అదే సంవత్సరం వేసి అచ్చు కొట్టారు. ఏ రూపాయి నిజంగా ఏ ఏడాదిదో, ఏ టంకసాలదో చెప్పేవి సంవత్సరం కింద, పూల నగిషీ నడుమ వేసిన సన్నటి చుక్కలు. సూది మొనంత చుక్కలు. 1911లో ఐదో జార్జి రూపాయి మీద రాజు అంగీపై ఉన్న ఏనుగు బొమ్మ పందిలా ఉందని జనం అభ్యంతరపెడితే మరుసటి ఏడాదికి బొమ్మ మార్చారు. ఆ ఏనుగు పెసరగింజ కన్నా చిన్నది. ఇటుకపొడి నాలుగు రుద్దులకు చుక్కా ఉండదు, ఏనుగూ ఉండదు. మిగిలేది తులం తక్కువ వెండి.

ఒక్కో పద్ధతీ ఏం చేస్తుందో చెబుతాను. ఇంట్లో అందరికీ చేతికందేది చింతపండు. అందులోని పులుపు పైనున్న సున్నపు పెచ్చునూ, రాగి చిలుమునూ కరిగిస్తుంది. అందుకే నిమిషంలో తెల్లబడినట్టు కనిపించి మనసు సంతోషిస్తుంది. ఆ పులుపు గుల్లబారిన నాణెం లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది. ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు. మిగిలిన రాగినీ తినేస్తూ నెలల తరబడి పనిచేస్తుంది. నిమ్మకాయ, వెనిగర్ కూడా ఇదే పని చేస్తాయి. విభూతి, పళ్ళపొడి, టూత్‌పేస్ట్, పీతాంబరి పొడి, కొబ్బరిపీచు అన్నీ రాపిడి సరుకులే. మైనంలాంటి పొర మీద అవి అక్షరాలను గీకేస్తాయి. లక్ష్మీదేవి రూపమని శుక్రవారం శుక్రవారం పాలతో, నీళ్ళతో కడిగి పసుపు పూసే అమ్మలకు నా విన్నపం ఒకటే. సముద్రం నుంచి వచ్చిన నాణెం పరీక్ష పూర్తయ్యేదాకా దేవుడి గూట్లో పెట్టకండి. ఆ భక్తికి ఇంట్లో ఉన్న వేరే వెండి చాలు.

కంసాలి దుకాణంలో జరిగేది ఇంకా తీవ్రం. నైట్రిక్ యాసిడ్ వెండినే కరిగిస్తుంది. ఉప్పు యాసిడ్, అంటే మరుగుదొడ్లకు వాడే యాసిడ్, వెండి పై పొరను మళ్ళీ క్లోరైడ్‌గా మార్చగలదు, అంటే సముద్రం చేసిన చెడునే మరికాస్త చేస్తుంది. పుటం పెట్టి కాల్చితే గుల్లబారిన నాణెంలో చిక్కుకున్న తేమ ఆవిరై పగులగొడుతుంది. కంసాలి పనితనాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. తెనాలిలో నగ చూసి పాలు చెప్పగల చేతులున్నాయి. ఆ చేతులు నేర్చింది గట్టి వెండితో, కొత్త వెండితో. సముద్రపు వెండి వాళ్ళ విద్యలోకి రాదు. అలాంటిది వస్తే నిజాయితీగల కంసాలి చేతిలోకి తీసుకోకుండానే ఇది నా పని కాదని చెప్పాలి.

వీడియోల్లో చూపించే పద్ధతి అల్యూమినియం ఫాయిలు, వంట సోడా, వేడినీళ్ళు. ఇంట్లో వెండి గిన్నెకు అది పనిచేస్తుంది, నేను కాదనను. పలచటి నలుపును తిరిగి వెండిగా మారుస్తుంది. అదే పద్ధతి సముద్రపు నాణేనికి వాడితే మందపాటి పొరంతా వదులైన బూడిదరంగు పొడిగా మారి, ఫాయిలు తీసేటప్పుడే రాలిపోతుంది. రాలింది వెండే, అచ్చుతో సహా. ఫోను ఛార్జరు తీగలు ఉప్పునీళ్ళలో ముంచి కరెంటు పెట్టే పద్ధతి ఇంకా ప్రమాదం. నాణెం మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు పొరను లోపలి నుంచి ఎగదన్నుతాయి. రెండో కొస దగ్గర ఉప్పు నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది. రెండో కొసకు స్టీలు చెంచా కడితే అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళను పెరట్లో పారబోసేది ఎవరు? పిల్లలు ఆడేది ఎక్కడ?

ప్రాణాపాయం ఉన్నవి రెండు చెప్పి తీరాలి. వెండి పనుల్లో వాడే సైనైడ్‌ను ఏ పనికీ దగ్గరికి రానివ్వకండి. దానికి పులుపు కలిస్తే పుట్టే వాయువు మనిషిని నిమిషాల్లో చంపుతుంది. చింతపండులో నానిన నాణెం తీసుకెళ్ళి అందులో ముంచడం అంటే ఆ రెండింటినీ చేతులారా కలపడమే. ఇక అమోనియా. వెండి పొరలు కొన్ని అమోనియాలో కరుగుతాయని చదివి కొందరు సీసాలో నానబెట్టి రోజుల తరబడి వదిలేస్తారు. కరిగిన వెండి, అమోనియా కలిసిన నీరు అలా నిలవ ఉండి ఎండితే తాకగానే పేలే పదార్థం తయారవుతుంది. కళాశాల ప్రయోగశాలల్లో అలాంటి ద్రావణాన్ని అదే రోజు పారబోయించడానికి కారణం ఇదే. ఇంట్లో అటక మీద పెట్టిన సీసాను ఎవరు పారబోస్తారు?

మరి ఏం చేయాలి? చేయవలసింది చాలా తక్కువ, అదే దీని సుఖం. దొరికిన చోటి సముద్రపు నీళ్ళతోనే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. ఆ నీళ్ళు లేకపోతే మంచినీళ్ళు. ఇత్తడి చెంబులో, స్టీలు గిన్నెలో వద్దు, లోహానికి లోహం తగిలితే ఒకటి తినబడుతుంది. నీడన పెట్టండి. ఎండిన ఇసుకలో పూర్తిగా ఆరిపోయి దొరికినదైతే మళ్ళీ తడపకండి, మెత్తటి తెల్లకాగితంలో వదులుగా ఉంచండి. రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక కాగితం, ఉన్ని గుడ్డ, సేకరణదారులు వాడే మెత్తటి పీవీసీ కవర్లు దగ్గరికి రానివ్వకండి. వెండిని నల్లబరిచేవీ, జిడ్డు వదిలేవీ అవే. ఫోనుతో రెండు వైపులా ఫొటో తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టి. ఎక్కడ దొరికింది, ఎన్ని బారల లోతున వల వేశారు, ఏ గుర్తు నుంచి ఎంత దూరం, ఆ రోజే రాసిపెట్టండి. మన సరంగులకు ఒడ్డున కనబడే గుర్తులతో చోటు చెప్పే విద్య వచ్చు. ఫోనులో చోటు నమోదు చేసే పద్ధతీ ఉంది. రెండూ వాడండి.

నాణేలు గుత్తిగా అంటుకుని దొరికితే సుత్తి పట్టకండి. గుత్తి మధ్యలో ఉన్న నాణేలు పై వాటి కన్నా చాలా బాగా మిగులుతాయి. ఇనుప మేకో, పెట్టె పట్టీయో అంటుకుని ఉంటే ఇంకా మంచిది. పక్కన ఇనుము ఉంటే తుప్పు దాన్ని ముందు తింటుంది, వెండి కాపాడబడుతుంది. తుప్పు ముద్దను అసహ్యపడి కొట్టి విడదీయడం కాపలా ఉన్నవాణ్ణే తరిమేయడం. ఆ ముద్దలో గుడ్డ పీలిక, తాడు పోగు, చెక్క పేడు కూడా ఉండొచ్చు. 1740లో గుడ్విన్ తిన్నెల మీదే మునిగిన రూస్‌విక్ అనే డచ్చి ఓడ ఉదాహరణ చూడండి. నిజాంపట్నంలో గిడ్డంగి పెట్టిన కంపెనీదే ఆ ఓడ, వెండి మోసుకుని తూర్పు దేశాలకు బయలుదేరింది. ఇటీవల దాన్ని పరిశోధించినవాళ్ళకు చిల్లులు పెట్టిన నాణేలు కనబడ్డాయి. ఓడలో పనిచేసేవాళ్ళు కంపెనీ కళ్ళు కప్పి సొంత వెండిని బట్టల్లో కుట్టుకుని తెచ్చుకునేవారు. ఆ చిల్లే ఆ నాణెం చెప్పే అసలు కథ. మన దగ్గర అలాంటిది దొరికితే చిల్లు పడ్డ నాణెమని సగం ధర కట్టి కరిగించేస్తాం.

ప్రయోగశాలలో ఏం చేస్తారో కూడా తెలిస్తే ఓపిక వస్తుంది. ముందు తూకం, ఫొటోలు, ఎక్స్‌రే. ఎక్స్‌రేలో పెచ్చు లోపలి అచ్చు కొన్నిసార్లు చదవగలిగేలా కనబడుతుంది, అప్పుడు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. తర్వాత సూక్ష్మదర్శిని కింద సూదులతో, చిన్న పరికరాలతో పెచ్చు తీస్తారు. అవసరమైతే గాలి చొరని పాత్రలో క్షారం కలిపిన సోడియం డైథయనైట్ ద్రావణంలో నానబెడతారు. అది నల్లటి పొరను ఉన్నచోటనే తిరిగి వెండిగా మారుస్తుంది, అచ్చు చెదరకుండా. చీరాల రంగుల అద్దకంలో పనిచేసినవాళ్ళకు ఈ మందు తెలుసు, వాళ్ళు హైడ్రోస్ అనేది దాన్నే. తెలుసు కదా అని ఎవరూ ఇంట్లో ప్రయత్నించవద్దు. చెమ్మ తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం దానికుంది. పాళ్ళు, వేళలు తెలియకుండా వాడితే నాణేనికీ మనిషికీ చేటే. ఆ తర్వాత శుద్ధమైన నీళ్ళలో వారాలు, ఒక్కోసారి నెలలు నానబెట్టి, నీరు మారుస్తూ, ప్రతిసారీ వెండి నైట్రేట్ చుక్క వేసి తెల్లటి మబ్బు కడుతుందో లేదో చూస్తారు. మబ్బు కట్టడం ఆగితే ఉప్పు పోయినట్టు. అప్పుడు ఆరబెట్టి, గాలి సోకకుండా పలచటి లేపనం పూస్తారు. ఇంత చేసినా నాణెం కొత్తదిలా తళతళలాడదు. ముదురు బూడిదరంగులో, చదవగలిగేలా ఉంటుంది. అదే మంచి పని.

ఇక చట్టం. నేలలో దొరికిన, పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. దాస్తే ఏడాది దాకా జైలు. సొంతదారు తేలకపోతే దొరికినవాళ్ళకు వాటా ఉందని కూడా ఆ చట్టంలోనే ఉంది, ఈ రెండో మాట ఎవరూ జనానికి చెప్పరు. ఓడ నుంచి వచ్చిన సొత్తు దొరికితే దాన్ని చూసే ప్రభుత్వాధికారికి అప్పగించాలనేది నౌకా చట్టం పెట్టిన నియమం. కాపాడినవాళ్ళకు ప్రతిఫలం అందులోనూ ఉంది. వందేళ్ళు నిండిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. దేశం దాటించడం నేరం, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయడమూ నేరమే. భయపడి రాత్రికి రాత్రి అమ్మేసేవాళ్ళకు దక్కేది కొట్టువాడు విసిరిన గ్రాముల ధర. తహసీల్దారు కార్యాలయంలోనో, తీర రక్షక పోలీసు స్టేషన్‌లోనో రాసిచ్చి రసీదు తీసుకున్నవాడికి చట్టం అండ ఉంటుంది.

మోసాల మాట మరచిపోకూడదు. బియ్యాన్ని లాగే చెంబు అంటూ రైస్ పుల్లింగ్ పేరుతో మన జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు లక్షలు పోగొట్టుకున్నాయో పోలీసు రికార్డులే చెబుతాయి. అదే నోళ్ళు ఓడ వెండి అన్న మాట కూడా పలుకుతాయి. రాముడూ హనుమంతుడూ ఉన్న 1818 నాటి అర్ధణా అని తెచ్చి చూపిస్తే అది నాణెమే కాదు. కంపెనీ ఆ ఏడాది అలాంటిది అచ్చు వేయలేదు. నల్లగా చేసి ఉప్పు అంటించిన నకిలీలు కూడా ఉంటాయి. కడగవద్దన్న మాటను వాళ్ళు సాకుగా వాడుకుంటారు, కడగకుండా కొనమంటారు. కొనకండి. ఎవరి దగ్గరా, ఏ ధరకూ.

అధికారులకు ఒక విన్నపం. గుంటూరు బౌద్ధశ్రీ మ్యూజియం మనకు దగ్గరలో ఉంది. రాష్ట్ర పురావస్తు శాఖ ఉంది. లక్నోలో 1976 నుంచి సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ ప్రయోగశాల పనిచేస్తోంది. ఇన్ని ఉన్నా నిజాంపట్నం హార్బరులో చేపలు దించుకునే మనిషికి ఎవరికి చెప్పాలో తెలియదు. మత్స్యశాఖ తుపాను హెచ్చరికలు వేసే బోర్డు మీదే ఒక వరుస రాయించండి: వలలో పాత లోహం వస్తే నీళ్ళలో ఉంచి ఈ నంబరుకు చెప్పండి అని. ఆ నంబరు ఎత్తే మనిషిని పెట్టండి. సమాచారం తెచ్చినవాణ్ణి దొంగలా చూడకుండా కూర్చోబెట్టి రసీదు ఇవ్వమని తహసీల్దార్లకు చెప్పండి. ఒక్కరిని అవమానిస్తే తర్వాతి పది మంది కొలిమి దారి పడతారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె వెండి వ్యాపార సంఘాలు ఈ వారమే సమావేశమై ఒక నిర్ణయం తీసుకోవాలి: సముద్రపు వెండి ఏ రూపంలో వచ్చినా కరిగించం, కడగం, కొనం, తెచ్చినవాళ్ళను అధికారుల దగ్గరికి పంపుతాం. ఇళ్ళలో ఇప్పటికే అలాంటిది ఉన్నవాళ్ళు చింతపండు పక్కన పెట్టి, నాణేన్ని ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, రేపు ఉదయమే తహసీల్దారుకు రాసివ్వండి.